కాగితముపై తైలవర్ణ చిత్రణము

తైలవర్ణ చిత్రమనగానే బట్టపై వ్రాసిన పటమును, కాగితమనగానే నీటిరంగులును మనకు స్ఫురించుట పరిపాటి. ఈ రెంటికిని నడుమ, కాగితముపైననే నూనెరంగులతో వ్రాయు పద్ధతి యొకటి కలదు. ఆధునిక చిత్రకారులు పలువురు దీని నవలంబించిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో నుండి చిత్రకళ నభ్యసించువారికిది యనుకూలమైనది. కాగితము కాన్వాసుకంటె చౌక, చట్రముతో పనిలేదు, దాచుటకు కొలదిచోటు చాలును. అయినను ఈ సౌలభ్యము వెంట నొక యపాయమున్నది. తగిన సంస్కారము లేని కాగితముపై వ్రాసిన తైలచిత్రము, వ్రాసినవాని కన్నులయెదుటనే శిథిలము కావచ్చును. దాని హేతువును, నివారణమును తెలిసికొనుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట నొక భ్రాంతిని తొలగింపవలెను. మన యిండ్ల గోడలపై కనబడెడి రవివర్మ దేవతాపటములు కాగితముపై తైలచిత్రములు కావు. రాజా రవివర్మ (1848-1906) బట్టపై వ్రాసిన మూలచిత్రములకు అవి ముద్రిత ప్రతిరూపములు. 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రాలయమున రాతిపలకలతో ఒక్కొక్క రంగును వేర్వేరుగ నచ్చొత్తి వానిని సిద్ధము చేసిరి. నూనెరంగుల పోలిక యుండుటచే వానికి ఓలియోగ్రాఫులను పేరు వచ్చినది. మనము విచారించునది యట్టి ముద్రణము కాదు, కుంచెతో స్వయముగ వ్రాసిన చిత్రము.

ఇక నూనె స్వభావము. నూనెలన్నియు నొక్క తీరుగ నారవు. ఆముదము ఎన్నినాళ్లున్నను జిడ్డుగనే యుండును. నువ్వులనూనె సరిగా గట్టిపడదు. అవిసెనూనె పలుచగ పూసినయెడల కొన్ని దినములలో గట్టిపొరయగును. కుసుమనూనె అంతకంటె మెల్లగ నారును. కాని పసుపువన్నెకు తక్కువ తిరుగును గనుక తెలుపు మొదలగు లేతరంగులలో దానిని వాడుదురు. నీరారునట్లు నూనె యావిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అందుచే నారునప్పుడు మొదట దాని బరువు తగ్గుటకు మారు పెరుగును. ఈ మార్పునందు ఆమ్లపదార్థములు పుట్టును. కాగితమునకు కీడు చేయునవి యివియే.

కాగితమనునది దూదిపీచు లేక కొయ్యపీచు నల్లుకొనిన పలుచని పొర. దానిపై తిన్నగ నూనెరంగు పూసినచో రెండు హానులు కలుగును. పీచు నూనెను పీల్చుకొనుటచే గీత చుట్టును జిడ్డుమరక వ్యాపించును. రంగుపొడిని పట్టియుంచవలసిన నూనె తరిగి, రంగు కాంతి తప్పి పొడిపొడిగ రాలును. ఇది మొదటిది. పీల్చిన నూనెలోని యామ్లము క్రమముగ పీచును తినివేయగా, కాగితము గోధుమవన్నెకు తిరిగి, మడచినచోట విరుగును. ఇది రెండవది. పటికయు రాలయు కలిపిన యంత్రపు కాగితములం దామ్లము ముందే యుండుటచే నీ నాశము మరింత శీఘ్రమగును.

పాశ్చాత్యులు ఈ పద్ధతిని బుద్ధిపూర్వకముగనే వాడిరి. ఆంగ్ల చిత్రకారుడు కాన్‌స్టేబుల్ 1821, 1822 సంవత్సరములలో లండను చెంతనున్న హాంప్‌స్టెడ్‌నందు మేఘముల రూపమారకమునుపే వానిని పట్టుటకు కాగితముపై నూనెరంగులతో వ్రాసెను. ఫ్రాన్సు దేశీయుడగు దెగా, రంగును అద్దుడు కాగితముపై పరచి, నూనెను పీల్పించి, మిగిలిన ముద్దను టర్పెంటైనుతో పలుచన చేసి వాడెను. అందుచే రంగు త్వరగ నారి, సుద్దవలె కాంతిహీనమైన సొబగు నిచ్చెను. తులూజ్-లోత్రెక్ అట్టపై పలుచని రంగులతో వ్రాయుచు, అట్ట గోధుమవన్నెనే చిత్రమున నొక వర్ణముగ గ్రహించెను. కాగితము పీల్చుగుణమును వీరు దోషముగ మాత్రమే చూడక దానిని తమ పనికి లోబరచుకొనిరి.

ఇంతకును నివారణమేమి? రంగునకును కాగితమునకును నడుమ నొక యడ్డుపొర యుండవలెను. ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము (అభిలషితార్థచింతామణి) 12వ శతాబ్దపు గ్రంథము. అందు చిత్రప్రకరణమున వజ్రలేపము చెప్పబడినది. పచ్చి గేదెతోలును నీట వెన్నవలె మెత్తబడువరకు నుడికించి, కడ్డీలుగ చేసి, యెండబెట్టి, కావలసినపుడు వేడినీట కరగించి, తెల్లమట్టితో కలిపి గోడకు పూయవలెను. ఆరిన పిమ్మట దానిపై వర్ణములు వ్రాయుదురు. తోలుబంకను వజ్రమనుట దక్షిణదేశపు వడ్రంగుల వ్యవహారమునను కలదు. ఐరోపావారు కాన్వాసునకు కుందేటితోలు బంకను, కాగితమునకు జెలటినును పూయుటకు మూలమైన యుక్తియు నిదియే.

ఈ ప్రాంతముననే దీనికి దృష్టాంతము కలదు. సూర్యాపేటకు చెంతనున్న పిల్లలమఱ్ఱి రేచెర్ల రెడ్ల నెలవు, పిన వీరభద్రకవి యింటిపేరునకు మూలమైన గ్రామము. 1195, 1208 సంవత్సరముల శాసనములు గల యీ గ్రామపు దేవాలయములలో కాకతీయకాలపు వర్ణచిత్రముల జాడలు, క్షీరసాగరమథన దృశ్యముతో కూడ, నిలిచినవి. అవి తైలచిత్రములు కావు, రాతిపై వ్రాసినవి. చేర్యాల నకాషీలును పటము వ్రాయుటకు ముందు బట్టకు చింతగింజల బంకయు తెల్లసుద్దయు పట్టింతురు. ఆధారము రాయి యైనను, బట్ట యైనను, కాగితమైనను దానిని సిద్ధపరచుట మొదటి పని.

ఆచరణమున చేయవలసినది కొలదియే. దూదిపీచుతో చేసిన దళసరి కాగితము, చదరపు మీటరునకు 300 గ్రాముల తూకముగలది, శ్రేష్ఠము. దానికి పలుచని జెలటిను గాని, నేడు దొరకు ఆక్రిలిక్ గెస్సో గాని రెండు పూతలు పూయవలెను. ముడుచుకొనకుండ వెనుకవైపునను పూయుట మేలు. రంగును పలుచగ వాడవలెను. దళసరి పొర వంగెడి కాగితముపై పగులును. క్రొత్త చిత్రమును చీకటిపెట్టెలో నుంచరాదు; వెలుతురు లేనిచో అవిసెనూనె పసుపెక్కును. ఆరిన చిత్రమును చుట్టయు చుట్టరాదు. ఈ ప్రాంతపు తీవ్రమైన వేసవియు, వెనువెంటనే వచ్చు వానకాలపు చెమ్మయు కాగితమును మార్చిమార్చి బిగియించి సడలించును గనుక, ఆమ్లములేని అట్టకు చేర్చి, అద్దమును తాకకుండ చట్రమున నమర్చుట యుక్తము.

దామెర్ల రామారావు (1897-1925) స్వల్పాయుష్కుడైనను, ఆయన రచనలు రాజమహేంద్రవరపు చిత్రశాలలో భద్రపరుపబడుటచే మనము చూడగలుగుచున్నాము. అట్టి యాశ్రయము లభింపని చిత్రకారులెందరో కలరు. వారి పనికి మొదటి రక్షణము వారి చేతిలోని బంకపూతయే. పాఠశాలలో చిత్రలేఖనము నేర్పువారు రంగుల కలయికకు ముందీ పూతను నేర్పుదురుగాక. చిత్రము వెనుక నేడాదియు, వాడిన కాగితమును, పూసిన బంకయు పెన్సిలుతో వ్రాయించిన పక్షమున, మీదట దానిని బాగుచేయువానికి త్రోవ తెలియును. సంస్కృతజ్ఞులగు పండితులు మానసోల్లాసమందలి చిత్రప్రకరణమును చిత్రకారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినయెడల, కోశములతో తెగని పదముల యర్థములు కొన్ని కుంచెతో తెగును.