మీకు తెలుసా? మచ్చలు కూడా రాసిన చీటీ

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని చెరకు తోటలకు మన దేశం నుంచి వెళ్లే కూలీ ఓడ ఎక్కేముందు ఇచ్చే వలస చీటీలో అతడి ఎత్తు, ఒంటిమీది మచ్చలు కూడా రాసేవారు.

తండ్రి పేరు, కులం, జిల్లా, ఠాణా, ఊరు అన్నీ ఆ ఒక్క కాగితంలోనే. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన ఊరి పేర్లతోనే, పూర్వీకుల ఊరు వెతికే ఇవాళ్టి మునిమనవళ్లకు తిప్పలు. అలాంటప్పుడు ఠాణా పేరు పట్టుకుని వెతుక్కోవాల్సిందే!

1845 మే 30న చేరిన 'ఫతేల్ రజాక్' ఓడతో మొదలై 1917 దాకా సుమారు 1,44,000 మంది ఆ దీవిలో దిగారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచే; మద్రాసులో ఓడెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ట్రినిడాడ్ ప్రధాని కమలా పర్సాద్ బిసేసర్ 2012లో బీహార్ వచ్చి, బక్సర్ జిల్లా భేలుపూర్‌లో, అలా వలస వెళ్లిన తన ముత్తాత ఊరు చూసి వెళ్లారు.