లారీ ఇంధనవ్యవస్థలో ‘ఎయిర్ తీయడం’: వృత్తిపద పరిశీలన

వ్యాససంగ్రహం:
డీజిల్ లారీ ఇంధనవ్యవస్థలో చేరిన గాలిని తొలగించే పనిని మెకానిక్కులు ‘ఎయిర్ తీయడం’ అంటారు. ఆ పని జరిగే తీరును వివరించి, యంత్రం మారినా పదం మారకపోవడం వల్ల ఏర్పడే ప్రమాదాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తిపదాలు, లారీ, డీజిల్ ఇంజను, ఎయిర్ తీయడం, కామన్ రైల్.

1. ఉపోద్ఘాతం:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను గ్రంథస్థం చేసింది. వృత్తిపదానికి అర్థం చెప్పాలంటే అది సూచించే పనిముట్టూ పనీ తెలిసి ఉండాలి. లారీ మెకానిక్కు వృత్తికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. అందువల్ల ముందుగా పనిని, తరువాత పదాన్ని పరిశీలిద్దాం.

2. గాలి చేరితే ఇంజను ఎందుకు ఆగుతుంది?
పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ మండిస్తుంది. డీజిల్ ఇంజనులో రవ్వతో పని లేదు. సిలిండరులో గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి డీజిల్‌ను చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. పాతతరం ఇంజన్లలో ఇంజెక్టరు తెరుచుకోవడానికి సుమారు 200 బార్ల ఒత్తిడి, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు, కావాలి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కనుక పంపు ఇచ్చిన ఒత్తిడి ఇంజెక్టరుకు నేరుగా చేరుతుంది. మధ్యలో గాలిబుడగ ఉంటే పంపు బలమంతా బుడగను నొక్కడానికే ఖర్చవుతుంది. సిలిండరులో గాలి లేనిదే డీజిల్ మండదు; గొట్టంలో గాలి ఉంటే డీజిల్ సిలిండరుకే చేరదు.

ట్యాంకు ఖాళీ అయినప్పుడు, ఫిల్టరు మార్చినప్పుడు, గొట్టం విప్పినప్పుడు గాలి చేరుతుంది. వీటిలో ఏదీ జరగకుండానే పదేపదే ఎయిర్ పడుతుంటే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య వెదకాలి. అది పంపు డీజిల్‌ను పీల్చే భాగం. అక్కడ సందు ఏర్పడితే, ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారడానికి బదులు గాలి లోపలికి పోతుంది. కాబట్టి నేలమీద చుక్క పడనంత మాత్రాన గొట్టం బాగున్నట్లు కాదు.

3. ఎయిర్ తీసే విధానం:
ఇంగ్లీషులో ఈ పనికి రెండు పేర్లున్నాయి. ఖాళీ అయిన మార్గాన్ని డీజిల్‌తో నింపడం ప్రైమింగ్. చిక్కుకున్న గాలిని బయటికి వదలడం బ్లీడింగ్. తెలుగు పదబంధం ఈ రెంటినీ వాటి ఉమ్మడి ప్రయోజనంతో పేర్కొంటుంది.

చక్రాలకు అడ్డు పెట్టి, ట్యాంకులో డీజిల్ ఉన్నదని చూసుకొని, స్క్రూల చుట్టూ ఉన్న మట్టిని తుడవాలి. ఫిల్టరుపై ఉన్న స్క్రూను కొద్దిగా వదులుచేసి, ఫీడ్ పంపుకు ఉండే చేతిపంపును కొట్టాలి. మొదట నురుగుతో, బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగలు లేని ధార రాగానే, ధార ఆగకముందే స్క్రూ బిగించాలి. తరువాత ఇంజెక్షన్ పంపు దగ్గరా ఇలాగే చేయాలి. ఈ వరుస ముఖ్యం. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపు రాకపోతే వెనుక మిగిలిన గాలి మళ్లీ ముందుకు వస్తుంది. చివరగా చేతిపంపు పిడిని మళ్లీ బిగించాలి.

అప్పటికీ ఇంజను అందుకోకపోతే, పాతతరం ఇంజన్లలో ఇంజెక్టరు గొట్టాల నట్లను వదులుచేసి సెల్ఫ్ కొడతారు. డీజిల్ చిమ్మగానే బిగిస్తారు. సెల్ఫ్‌ను ఆపకుండా కొడితే స్టార్టరు మోటారు వేడెక్కి, బ్యాటరీ దిగిపోతుంది. కనుక మధ్యమధ్య విరామం ఇవ్వాలి.

4. పద పరిశీలన:
‘గాలి తీయడం’ అనే తెలుగు పలుకుబడికి టైరులోని గాలి వదలడం అనే అర్థం స్థిరపడింది. ఒకరి గొప్పను తగ్గించడం అనే లాక్షణికార్థమూ ఉంది. ఇంధనమార్గంలోని గాలికి ‘ఎయిర్’ అనే అరువుపదాన్ని వాడటం వల్ల ఈ రెండు అర్థాలతోనూ గందరగోళం తప్పుతుంది. నామం అరువు, క్రియ తెలుగు. ‘ఎయిర్ పట్టింది’ అన్నప్పుడు కూడా తుప్పు పట్టడం, బూజు పట్టడం వంటి ప్రయోగాల కోవలోని తెలుగు క్రియే కనిపిస్తుంది.

5. మారిన యంత్రం, మారని పదం:
2017 ఏప్రిల్‌లో బి.ఎస్.-4, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ఉద్గార ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. ఈ క్రమంలో కామన్ రైల్ ఇంజన్లు విస్తరించాయి. వాటిలో ఇంధనపు ఒత్తిడి 1600 బార్లను కూడా దాటుతుంది. ఇక్కడ ఎయిర్ తీయడం ఫిల్టరుతో, అల్పపీడన మార్గంతో ముగియాలి. ఆపైన మిగిలిన గాలిని తయారీదారు చెప్పిన పద్ధతిలో వ్యవస్థే వెనుదారి గొట్టం ద్వారా పంపివేస్తుంది. పాత అలవాటుతో ఇంజెక్టరు నట్టు వదులుచేసి సెల్ఫ్ కొడితే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి దిగగలదు. పైకి సూదిపోటులా కనిపించినా అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం.

6. ముగింపు:
పదకోశంలో ‘ఎయిర్ తీయు’కు ‘ఇంధనమార్గంలోని గాలిని తొలగించు’ అనే అర్థం ఒక్కటే ఇస్తే సరిపోదు. పాతతరం ఇంజనులో ఆ పని ఇంజెక్టరు నట్టు వరకు సాగుతుందనీ, కామన్ రైల్ ఇంజనులో అల్పపీడన మార్గం దాటరాదనీ ఆరోపంలోనే చేర్చాలి. వృత్తిపద సేకర్తలు పదంతోపాటు యంత్రపు తరాన్నీ, పని హద్దునూ నమోదు చేసినప్పుడే ఆ పదకోశం భాషా పరిశోధకునికీ, పని నేర్చుకునే కుర్రవానికీ కూడా ఉపకరిస్తుంది.