కష్టాలు ఎందుకు వస్తాయి? దేవుడు ఎందుకు రానిస్తాడు?

దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు అంటున్నాం కదా, మరి మన జీవితంలో ఇన్ని శ్రమలు ఎందుకు రానిస్తాడు? ఈరోజు టాపిక్ ఇదే.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. రెండేళ్ల క్రితం మా అక్కకి ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. పలకరించడానికి వచ్చిన ఒకాయన, "ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకోమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన వెళ్లాక నేనేమన్నానో తెలుసా? "దేవుడికి ఏదో ప్లాన్ ఉంటుందిలే అక్కా." అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత అర్థమైంది. ఆయన చేసిందీ నేను చేసిందీ ఒకటే. తెలియని కారణాన్ని తెలిసినట్టు చెప్పాం.

కొన్ని శ్రమలకి కారణం కనిపిస్తుంది. ఎవడో తాగి బండి నడుపుతాడు, రోడ్డు పక్కన నడిచేవాడి కాలు విరుగుతుంది. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, దాన్ని మనిషి పాడు చేశాడు. కానీ మా అక్క విషయంలో ఎవరి తప్పు?

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు ఇలాగే అడిగారు. ఇతను గుడ్డివాడిగా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదన్నారు యేసు ప్రభువు. "బ్రదర్, దేవుని క్రియలు కనబడడానికే అని కూడా అన్నారు కదా" అంటారేమో. అన్నారు. అని వెళ్లిపోలేదు, అతనికి చూపు ఇచ్చారు. ఆ మాట అనే అధికారం ఆయనకి ఉంది. నాకు లేదు.

ఇప్పుడు యోబు దగ్గరికి వద్దాం. ఆస్తి పోయింది, పదిమంది పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి 7 రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద పక్కనే కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక మాత్రం, నువ్వేదో పాపం చేసే ఉంటావని మొదలుపెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు ఎర్రర్ వస్తే ముందు లాగ్స్ చూసేవాడిని. కారణం అక్కడ దొరికేది. యోబు కూడా అదే అడిగాడు. పరలోకంలో ఏం జరిగిందో మొదటి రెండు అధ్యాయాల్లో మనకి తెలుస్తుంది. కానీ 42 అధ్యాయాలు అయిపోయినా యోబుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. 38వ అధ్యాయంలో దేవుడే వచ్చి మాట్లాడాడు. కారణం చెప్పలేదు, కానీ వచ్చాడు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? ఎందుకు ఎందుకు అని అరిచిన యోబు మీద కాదు, తనని వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద!

యోహాను 11లో లాజరు సమాధి గుర్తుందా? ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని యేసు ప్రభువుకి తెలుసు. నిజంగా ప్లాన్ తెలిసినవాడు ఆయనే. అయినా మరియ ఏడుస్తుంటే ఆయన కూడా ఏడ్చారు. తర్వాత సిలువ మీద తానే "ఎందుకు" అని తండ్రిని అడిగారు.

కాబట్టి ఫ్రెండ్స్, ప్రతి కష్టానికీ కారణం నా దగ్గర లేదు. నేను నమ్మేది ఏంటంటే, మన దేవుడు బాధని దూరం నుంచి చూసేవాడు కాదు, అందులోకి దిగి వచ్చినవాడు. పునరుత్థానం ఉంది కాబట్టి చివరి మాట మరణానిది కాదు.

ఈమధ్య అక్క దగ్గరికి వెళ్లి, "ఎందుకో నాకు తెలీదక్కా, ఆరోజు అలా అనకూడదు, సారీ" అన్నాను. చాలాసేపు ఊరికే కూర్చున్నాం. తర్వాత అక్క బిడ్డకి పెట్టాలనుకున్న పేరు చెప్పింది. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ ఆ పేరు అడగలేదు.

మీ ఫ్రెండ్ ఎవరైనా బాధలో ఉంటే ఈ వారం ఒకసారి వెళ్లండి. వాక్యం తర్వాత చెప్పొచ్చు, ముందు పక్కన కూర్చోండి. గాడ్ బ్లెస్ యూ.