క్రొత్తగా పుట్టిన కోడిపిల్లల సంరక్షణము

భద్రాచలమున కెదుటియొడ్డున సారపాక ప్రాంతమందు కోళ్లను పెంచు రైతులు ఈ క్రింది సంగతులను గమనింపవలెను.

కోడిగ్రుడ్డు 21 దినములకు పిల్లయగును. పెంకును పగులగొట్టుకొని వచ్చుటకు పిల్లకు ఒక్కొక్కప్పుడు ఒక దినము పట్టును. ఆలస్యమైనదని పెంకును చేతితో ఒలువరాదు. లోపలి పొర చిరిగి నెత్తురు కారిన పిల్ల దక్కదు.

అప్పుడే వెలువడిన పిల్ల తడిసియుండును. ఒడలారి నూగు విచ్చుకొనువరకు దానిని తల్లి రెక్కక్రిందనో, పొదుగు యంత్రములోనో యుండనీయవలెను. తడిపిల్లను బయటికి దీసినచో చలి సోకి చచ్చును. శీతకాలమున ఈ నష్టము మెండు. మేత లేదని తొందరపడ నక్కరలేదు. గ్రుడ్డులోని పచ్చసొన శేషము పిల్ల కడుపులో చేరి రెండు దినములు దానిని పోషించును.

ఈలోగా బ్రూడరనెడి వెచ్చని పెట్టెలో పొడి ఊక పరచి, దీపముతో వేడి చేసియుంచవలెను. మొదటి వారమున పిల్లల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండవలెను. పిమ్మట వారమునకు ఐదేసి డిగ్రీలు తగ్గింపవలెను. పిల్లలు గుమిగూడి అరచినచో చలియనియు, దీపమునకు దూరముగా పోయి నోరు తెరచినచో వేడి హెచ్చినదనియు గ్రహింపవలెను.

పెట్టెలో చేర్చినపిమ్మట ముందు నీరు, తరువాత సన్నని నూక ఇయ్యవలెను. నీటిమూకుడులో గులకరాళ్లు వేసినచో పిల్లలు మునుగవు.