మనసును పరీక్షించే నిపుణుని చదువు

కోనసీమలో ఒక విద్యార్థి ఉన్నాడనుకుందాము. తెలివిగలవాడే, కాని పరీక్షలు దగ్గరపడేసరికి గుండెదడ, చెమటలు. చదివినదంతా మరచిపోతాడు. గాలి సోకిందని ఇంట్లోవారు తాయెత్తు కట్టిస్తారు. డాక్టరుగారు పరీక్షించి గుండె బాగానే ఉన్నదంటారు. ఇక ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

ఇక్కడ మనం ఇద్దరు నిపుణులను ఒకరిగానే భావించి పొరబడుతూ ఉంటాము. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మనోవ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు, మందులు వ్రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివినవాడు. తెలివిని, జ్ఞాపకశక్తిని, ఉద్వేగాలను పరీక్షలతో అంచనా వేస్తాడు; మాటలతోను, అభ్యాసాలతోను చికిత్స చేస్తాడు. మన విద్యార్థికి భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనడం నేర్పగలవాడు ఈయనే.

ఈ వృత్తికి 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ పునాది వేశాడు. ఆయన పరిశీలించిన మొదటి బాలునికి స్పెల్లింగు వచ్చేది కాదు. చూడగా కంటిచూపులోనూ లోపమున్నట్లు తేలింది. కళ్ళజోడు పెట్టించి, ప్రత్యేకంగా చదువు చెప్పించారు. ముందు పరిశీలన, తరువాత చికిత్స అన్న సూత్రం నేటికీ మారలేదు. మన దేశంలో 1954లో బెంగుళూరులో ఏర్పడిన అఖిలభారత మానసికారోగ్య సంస్థ, అనగా నేటి నిమ్‌హాన్స్, ఈ శిక్షణకు ముఖ్యకేంద్రమైనది.

మరి రాజమండ్రి విద్యార్థి ఈ వృత్తిలోకి రావాలంటే? డిగ్రీ తరువాత మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. గాని ఎం.ఎస్‌సి. గాని చదవాలి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాఖ ఉన్నది. కాని అంతటితో సరిపోదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత ఉండాలన్నది, లేదా పి.జి. పైన, మండలి ఆమోదించిన రెండు సంవత్సరాల పూర్తికాలపు ఎం.ఫిల్. ఉండాలన్నది. ఆ కాలంలో రోగుల మధ్య, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయాలి. ఎం.ఫిల్. పట్టాలను నిలిపివేస్తూ 2022లో యు.జి.సి. నిబంధనలు వచ్చినందున, చేరబోయేవారు మండలి ఆమోదమున్న కోర్సు ఏదో ముందుగా విచారించుకోవాలి.

ఇంత శిక్షణ ఎందుకు? ఈతను గూర్చి పుస్తకం చదివినవాణ్ణి నమ్మి పిల్లవాణ్ణి గోదావరిలోకి పంపుతామా? మనసు విషయమూ అంతే. ఒక్కొక్కప్పుడు దిగులుగా కనిపించేది శరీరవ్యాధి లక్షణం కావచ్చు; అది గుర్తించి వైద్యుని వద్దకు పంపడం కూడా ఈ నిపుణుని విధియే. కనుక బోర్డు చూచి మోసపోక, మండలి రిజిస్టరులో పేరున్నదా అని అడగండి. అడగడం మర్యాదతప్పు కాదు, మన హక్కు.