గోధుమ లేని వంట: గోదావరి పూతరేకు నుంచి సైగాన్ చాయో వరకు

ఇంట్లో ఒకరికి గోధుమ పడదని వైద్యులు నిర్ధారించిన రోజునే ఆ కుటుంబంలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఇకపై ఆ ఇంట్లో రెండు వంటలు చేయాలా, లేక అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే వంట తినడం సాధ్యమేనా? ఆ ఒక్కరు చిన్న బిడ్డ అయితే ఈ ప్రశ్న మరింత బరువైనది. పుట్టినరోజు కేకు నుంచి గుడి ప్రసాదం వరకు ప్రతిచోటా ఆ బిడ్డ చేయి వెనక్కు తీసుకోవలసి వస్తుంది.

వరి పండే దక్షిణాదిలో ఈ ప్రశ్నకు సమాధానం వంటింట్లోనే ఉంది. పుదుచ్చేరి పట్టణానికైతే మరొక వనరు కూడా ఉంది. ఉళవర్‌కరై పురపాలక పరిధిలోని సారం వంటి నివాస ప్రాంతాల్లో తమిళ కుటుంబాలతో పాటు యానాం నుంచి ఉద్యోగాలకు, చదువులకు వచ్చిన తెలుగు కుటుంబాలూ కనిపిస్తాయి. ఈ రెండు సంప్రదాయాల బియ్యపు వంటలకు తోడు, ఫ్రెంచి పాలన కాలంలో వియత్నాం నుంచి వచ్చిన బియ్యపు వంటలు కూడా ఈ ఊరి రుచుల్లో భాగమయ్యాయి.

గ్లూటెన్ అంటే ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే మాంసకృత్తుల సముదాయాన్ని గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి సాగడానికి, రొట్టె పొంగి నిలవడానికి ఇదే కారణం. అధిక సంఖ్యాకులకు దీనివల్ల ఏ హానీ లేదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం గ్లూటెన్ చేరగానే శరీర రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపొరపైనే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకొనే సన్నని వేళ్ళవంటి నిర్మాణాలు అరిగిపోతాయి. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విడవని విరేచనాలు, రక్తహీనత, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల మందగించడం దీని ముఖ్య లక్షణాలు.

గోధుమకూ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని నెదర్లాండ్స్ బాలల వైద్యుడు విల్లెం డికే వెలుగులోకి తెచ్చారు. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944-45 శీతకాలంలో ఆ దేశంలో రొట్టె కరవైంది. ఆ కాలంలో కోలుకున్న రోగగ్రస్తులైన పిల్లలు, రొట్టె తిరిగి దొరకగానే మళ్ళీ జబ్బుపడ్డారు. డికేకు అంతకు ముందునుంచే ఉన్న అనుమానాన్ని ఈ అనుభవం బలపరచింది. 1950లో ఆయన తన పరిశోధనా గ్రంథాన్ని సమర్పించారు.

భారతదేశంలో 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో 23 వేల మందికి పైగా వయోజనులను పరీక్షించారు. ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాది ప్రాంతంలో 1.23 శాతం మందిలో కనిపించగా, దక్షిణాదిలో అవి 0.10 శాతం మందిలోనే ఉన్నాయి. గోధుమ వాడకంలోని తేడా ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావించారు. అయితే దక్షిణాదిలోనూ రాత్రి భోజనంగా చపాతీ, పిల్లల చిరుతిండిగా బిస్కెట్లు, నూడుల్స్ స్థిరపడ్డాయి. వ్యాధి అరుదు కావడం వల్ల దానిని గుర్తించడంలో ఆలస్యం జరిగే ప్రమాదమూ ఉంది.

పరీక్షకు ముందే మానరాదు

అనుమానం రాగానే చాలామంది సొంతంగా గోధుమ మానేస్తారు. ఇది రోగ నిర్ధారణకు అడ్డంకి అవుతుంది. మొదట రక్తపరీక్ష, తరువాత అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష జరుగుతాయి. గ్లూటెన్ తింటున్న సమయంలో చేసినప్పుడే ఇవి సరైన ఫలితాన్ని ఇస్తాయి. కనుక ముందు వైద్యుని సలహా, ఆ తరువాతనే పథ్యం. వ్యాధి నిర్ధారణ అయితే జీవితాంతం గ్లూటెన్ మానడమే చికిత్స. వ్యాధి లేనివారు కేవలం బరువు తగ్గడానికి గోధుమ మానవలసిన అవసరం లేదు.

సైగాన్ నుంచి వచ్చిన రుచులు

పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో దక్షిణ వియత్నాం ఫ్రెంచి వలస పాలనలోకి వెళ్ళింది. ఫ్రెంచి పౌర చట్టాన్ని స్వీకరించిన పుదుచ్చేరి వాసులు అనేకులు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలలో, పోలీసు, సైనిక విభాగాలలో ఉద్యోగాలకు తరలివెళ్ళారు. కొందరు అక్కడి కుటుంబాలతో వియ్యమందారు. 1954లో ఇండోచైనా నుంచి ఫ్రాన్సు వైదొలగిన తరువాత, 1975లో సైగాన్ పతనమైన తరువాత పలు కుటుంబాలు పుదుచ్చేరికి చేరాయి. వారితో పాటే చేప సాస్, సన్నని బియ్యపు సేమియా, రేకులో చుట్టి వేయించే చాయో కూడా వచ్చాయి. వియత్నామీయుల ‘చా జో’ను దక్షిణ వియత్నాంలో దాదాపు ‘చా యో’ అని పలుకుతారు. పుదుచ్చేరిలో వినిపించే పేరు ఆ పలుకుబడికి చెందినదే.

చాయో చుట్టే రేకుకూ ఆత్రేయపురం పూతరేకుకూ ఉన్న పోలిక గమనించదగినది. కోనసీమలోని ఆత్రేయపురంలో బియ్యాన్ని నానబెట్టి పలుచగా రుబ్బి, ఆ పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండపై పరచి తీస్తారు. క్షణంలో పొర ఏర్పడుతుంది. వియత్నాంలో మరుగుతున్న నీటి పాత్రపై బిగించిన గుడ్డమీద బియ్యపు పిండిని పరచి, ఆవిరిపై ఉడికించి, ఎండలో ఆరబెడతారు. అక్కడ రేకును ఉప్పు, కారాల వంటకానికీ, ఇక్కడ నేయి, బెల్లాలతో తీపికీ వాడతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బియ్యంతో మాత్రమే చేసిన ఈ రెండు రేకులలోనూ సహజంగా గ్లూటెన్ ఉండదు.

కనిపించని గోధుమ

గోధుమ పేరు చెప్పకుండానే వంటలో చేరే సందర్భాలు అనేకం. గృహిణులు, వంట చేసేవారు అందరూ వీటిని గమనించాలి.

ఇంగువ: బజారులో దొరికే పొడి ఇంగువలో తరచుగా మైదా లేదా ఇతర పిండి కలుస్తుంది. డబ్బాపై వివరాలు చదివి, బియ్యపు పిండితో చేసినదే కొనాలి.

సోయా సాస్: సంప్రదాయ పద్ధతిలో సోయా గింజలతో పాటు గోధుమను కూడా పులియబెడతారు. కేవలం చేప, ఉప్పులతో చేసిన చేప సాస్‌లో ఈ సమస్య లేదు.

రవ్వ, సేమియా: ఉప్మా రవ్వ, మామూలు సేమియా, నూడుల్స్ గోధుమవే. రవ్వ దోసె, రవ్వ కేసరి, మైసూరు బోండా ఈ జాబితాలోకే వస్తాయి. చాయోను మైదా రేకులో చుడితే అదీ పనికిరాదు.

పిండిమర: గోధుమలు ఆడిన మరలోనే బియ్యం ఆడిస్తే ఆ పిండిలో గోధుమ కలుస్తుంది. ఇంటి మిక్సీలో పొడి చేసుకోవడం క్షేమం.

పెనం, నూనె: చపాతీ కాల్చిన పెనంపై దోసె వేయడం, మైదా బోండాలు వేయించిన నూనెలో వడలు వేయడం కూడదు. సీలియాక్ రోగికి వేరే పెనం కేటాయించాలి.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేని ఆహారానికి మాత్రమే ‘గ్లూటెన్ రహితం’ అన్న ముద్ర వేయాలి.

తెల్లబియ్యం ఒక్కటే చాలదు

గోధుమ మానిన ఇంట్లో మూడు పూటలా తెల్లన్నమే తింటే పీచు, ఇనుము, బి విటమిన్లు తగ్గుతాయి. పెసరట్టు, చోడి అంబలి, జొన్నరొట్టె, కొర్రల అన్నం, సర్వపిండి వారంలో మార్చిమార్చి వండుకోవచ్చు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. పప్పు, ఆకుకూరలు, చేపలు, గుడ్లు పళ్ళెంలో తోడుగా ఉండాలి.

ఇంటిల్లిపాదికీ చాయో

నలుగురికి 12 బియ్యపు రేకులు సరిపోతాయి. పెసరపిండితో చేసిన గాజు సేమియాను గోరువెచ్చని నీటిలో నానబెట్టి చిన్న ముక్కలుగా కత్తిరించాలి. దానికి తురిమిన క్యారెట్, సన్నగా తరిగిన ఉల్లి, పుట్టగొడుగులు, మిరియాల పొడి, ఉప్పు కలపాలి. మాంసాహారులు తరిగిన రొయ్యలు చేర్చుకోవచ్చు. ఒక్కొక్క రేకును కొద్ది క్షణాలు నీటిలో తడిపి, ఒక చెంచాడు కూర ఉంచి బిగువుగా చుట్టాలి. రేకు ఎక్కువ తడిస్తే నూనె చిటపటలాడుతుంది. మూకుడులో ఒకదానికొకటి తగలకుండా, మధ్యస్థమైన మంటపై వేయించాలి. తగిలితే అంటుకుపోతాయి.

నంజుడుకు చేప సాస్, నిమ్మరసం, చక్కెర, నీరు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిరప కలుపుకోవాలి. శాకాహారులు చేప సాస్‌కు బదులు ఉప్పు వాడుకోవచ్చు. పుదీనా, లెట్యూస్ ఆకులలో చుట్టుకుని తినడం వియత్నాం పద్ధతి. నూనె వద్దనుకునేవారు కూరను ముందే ఉడికించి, తడిపిన రేకులో చుట్టి అలాగే తినవచ్చు.

ఈ వంటలో పథ్యం ఉన్నవారికని, లేనివారికని తేడా లేదు. రోగ నిర్ధారణ అయిన బిడ్డకు విడిగా పళ్ళెం పెట్టడం కంటే, వారంలో వీలైనన్ని పూటలు ఇల్లంతా ఆ బిడ్డ తినగలిగిన వంటనే తినడం మేలు. పొరపాటున గోధుమ కలిసే అవకాశం అప్పుడు తగ్గుతుంది. తనను వేరు చేశారన్న బాధ కూడా ఆ బిడ్డకు ఉండదు.