నాలుగు పలుకుల నిచ్చెన

ఎలక్ట్రానిక్స్ క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "కాయిల్, కెపాసిటర్ కలిస్తేనే ట్యూనింగ్ అయిపోతుంది కదా సార్. మరి హామ్ రేడియో రిసీవర్‌లో ఈ క్రిస్టల్స్ అన్నీ ఎందుకు?"

జవాబు లెక్కలోనే ఉంది. ట్యూనింగ్ ఎంత పదునో చెప్పే అంకె క్యూ. చేత్తో చుట్టిన కాయిల్‌కు అది 200 వస్తే చాలా గొప్ప. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అలాంటి సర్క్యూట్ 50 కిలోహెర్ట్జ్ వెడల్పును లోపలికి వదిలేస్తుంది. సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో ఒక మనిషి గొంతుకు రెండున్నర కిలోహెర్ట్జ్ చాలు. మనం వినాలనుకున్న ఒక్కరితో పాటు ఆ వాకిట్లో ఇరవై మంది పడతారు.

క్వార్ట్జ్ సంగతి వేరు. నొక్కితే అందులో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. వోల్టేజి పెడితే అదే క్వార్ట్జ్ పలుకు కంపిస్తుంది. ఆ కంపనంలో శక్తి దాదాపు వృథా కాదు కాబట్టి క్యూ లక్షదాకా పోతుంది. అప్పుడు వెడల్పు 100 హెర్ట్జ్. మోర్స్ చుక్కలకు సరిపోతుంది గానీ మాట అందులో పట్టదు. 1932లో అమెరికన్ హామ్ పత్రిక క్యూఎస్‌టీలో జేమ్స్ లాంబ్ పరిచయం చేసిన ఒంటి క్రిస్టల్ రిసీవర్ మోర్స్‌కే వరమైంది.

కాయిల్‌ది మరీ వెడల్పు, క్రిస్టల్‌ది మరీ ఇరుకు. మధ్యదారి చూపించింది నిచ్చెన ఫిల్టర్. ఒకే దూలానికి ఒకే పొడవున్న రెండు ఉయ్యాలలు కట్టి, వాటి మధ్య సన్నని తాడు బిగించండి. ఇక వాటికి ఒక్క లయ ఉండదు, రెండుంటాయి: రెండూ ఒకే వైపు ఊగేది ఒకటి, ఎదురెదురుగా ఊగే కొంచెం వేగమైనది మరొకటి. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న నాలుగు క్రిస్టల్స్‌ను వరసగా కలిపి, మధ్య మధ్య కెపాసిటర్లను గ్రౌండ్‌కు దించితే నాలుగు లయలు పక్కపక్కనే పుడతాయి. రెండు చివర్లా తగిన రెసిస్టెన్స్ పెడితే ఆ నాలుగు శిఖరాలూ కలిసి చదునైన మిద్దె అవుతాయి. కెపాసిటర్ విలువ తగ్గిస్తే బంధం గట్టిపడి మిద్దె వెడల్పవుతుంది, పెంచితే ఇరుకవుతుంది. మిద్దె దాటితే గోడ నిట్టనిలువు: ఒక్కో మెట్టు సిగ్నల్‌ను పదో వంతు చేసినా నాలుగు మెట్లు దాటేసరికి మిగిలేది పదివేలో వంతు.

అంతకుముందు వాడిన లాటిస్ రకం క్రిస్టల్ ఫిల్టర్లకు కొద్దిపాటి తేడా ఉన్న రెండు రకాల క్రిస్టల్స్ కావాలి. నిచ్చెనకు అన్నీ ఒకటే. కంప్యూటర్ల కోసం ఒకే అచ్చులా, చవగ్గా తయారయ్యే క్రిస్టల్స్ దీనికి కుదిరిపోయాయి. డజను కొని, ఒక్కొక్కదాన్నీ ఆసిలేటర్‌లో పెట్టి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో చూసి, బాగా దగ్గరగా ఉన్న నాలుగు ఏరుకోవాలి. వాటి లోహపు డబ్బాలను గ్రౌండ్‌కు సోల్డర్ చేయాలి, లేకపోతే సిగ్నల్ ఫిల్టర్‌ను తప్పించుకుని పక్కనుంచి దూకుతుంది. 1982లో వెస్ హేవర్డ్ క్యూఎస్‌టీలో రాసిన డిజైన్ పద్ధతితో ఇంట్లో చేసుకునేవాళ్లకు లెక్కలూ అందాయి.

హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ 20 అనే రేడియోకి గుండెకాయ ఇలాంటి 10 మెగాహెర్ట్జ్ నిచ్చెనే. అయితే ఒక దొంగను అది ఆపలేదు. 14.1 మెగాహెర్ట్జ్ సిగ్నల్ నుంచి లోపలి ఆసిలేటర్ 4.1 తీసేస్తే 10. కానీ 5.9కి అదే 4.1 కలిపినా పదే! బలమైన షార్ట్‌వేవ్ ప్రసారాలు ఉండే చోటు అదే. ఈ కలపడం, తీసేయడం చేసే మిక్సర్ దాటాక రెండింటికీ తేడా ఉండదు. అందుకే దాన్ని యాంటెన్నా దగ్గరే కాయిల్స్ ఫిల్టర్ అడ్డుకోవాలి. వెడల్పు కాయిల్ దూరపు శత్రువును, ఇరుకు క్రిస్టల్ పక్కింటి శత్రువును ఆపుతాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రేడియోలు ఇంతకన్నా పదునైన గోడలను లెక్కలతోనే కడుతున్నాయి. అయినా బలమైన స్టేషన్ ముందే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే కన్వర్టర్‌ను ముంచేస్తే లెక్కకు మిగిలేది చెడిన సిగ్నలే. అందుకే వాటి వాకిట్లోనూ ఇంకా కాయిల్ ఫిల్టర్ ఉంటుంది. అక్కరలేనిదాన్ని ఎంత తొందరగా ఆపితే వినాల్సిన గొంతు అంత స్పష్టంగా వినిపిస్తుంది.